అల్జీమర్స్‌కి యాంటీఆక్సిడెంట్ మాత్రలు: అమ్మకి ఇవ్వాలా, నేనూ వేసుకోవాలా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. అమ్మగారికి 68 ఏళ్ళు. అల్జీమర్స్ తొలి దశ అని నాలుగు నెలల కిందట తేలింది, డోనెపెజిల్ అనే అల్జీమర్స్ మందు వాడుతున్నారు. ఆక్సీకరణ వల్ల మెదడు కణాలు దెబ్బతింటాయని, యాంటీఆక్సిడెంట్లు దాన్ని అడ్డుకుంటాయని చదివి మీరు నాలుగు సీసాలు తెప్పించారు: విటమిన్ ఇ, గింకో (ఒక చెట్టు ఆకుల సారం), కర్క్యుమిన్ (పసుపులో ఉండే పదార్థం), కోఎంజైమ్ క్యూ10. ఇవ్వొచ్చా, ఎంత ఇవ్వాలి, నలభై దాటిన మీరు కూడా ఇప్పటినుంచే వేసుకుంటే మంచిదా, తిండి సంగతి ఏమిటి అని అడిగారు. మధ్యలో, అప్పుడే గుర్తొచ్చినట్టు, "గుండె దడకి వార్ఫరిన్ కూడా వేసుకుంటుంది" అని ఒక మాట రాసి వదిలేశారు.

నేను ముందు ఆ మాట దగ్గరే ఆగుతాను. వార్ఫరిన్ రక్తం గడ్డకట్టకుండా చూసే మందు. అది పనిచేసేది, రక్తం గడ్డకట్టడానికి కావలసిన విటమిన్ కెకి అడ్డుపడి. పెద్ద మోతాదులో విటమిన్ ఇ కూడా ఆ విటమిన్ కె పనికే అడ్డుతగులుతుంది. గింకో కూడా రక్తస్రావం ముప్పు పెంచగలదు. కోఎంజైమ్ క్యూ10 దీనికి తిరగబడ్డ కథ: దాని నిర్మాణం విటమిన్ కెని పోలి ఉంటుంది, వార్ఫరిన్ పని తగ్గిపోయిన సందర్భాలు ఉన్నాయి. అంటే మీ బల్ల మీదున్న సీసాల్లో ఒకటి రక్తాన్ని ఇటు లాగితే ఇంకొకటి అటు లాగుతుంది. ఇంకా మొదలుపెట్టకపోతే డాక్టర్‌తో మాట్లాడేదాకా మొదలుపెట్టకండి. ఇప్పటికే ఇస్తుంటే ఆ నాలుగూ పక్కన పెట్టి రేపే ఫోన్ చేసి చెప్పండి, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష ఎప్పుడు చేయించాలో అడగండి. వార్ఫరిన్ మాత్రం మీ అంతట మీరు ఆపకండి, అది ఆపితే పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది.

నేను మతిమరుపు జబ్బులున్నవాళ్ళని ఇరవై ఏళ్ళకి పైగా చూస్తున్నాను. ఒకసారి ఒక పెద్దాయన్ని వెంటబెట్టుకుని ఆయన భార్య వచ్చారు. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగితే, గుడ్డసంచీలోంచి సీసాలు తీసి బల్ల మీద ఒక్కొక్కటిగా పెట్టారు. ఏడు సీసాలు. ఒకటి మెదడుకి, ఒకటి గుండెకి, ఒకటి కీళ్ళకి, ఒకటి కళ్ళకి. నేను లేబుళ్ళ మీది చిన్న అక్షరాలు చదువుతూ కాగితం మీద రాసుకున్నాను. పేర్లన్నీ వేరే, కానీ మూడింటిలో విటమిన్ ఇ ఉంది. కూడితే రోజుకి 1,200 యూనిట్లు దాటింది. చొక్కా చేతులు మడవమన్నాను. మోచేతి కింద నుంచి మణికట్టు దాకా నీలంగా, పసుపుగా కమిలిన మచ్చలు. "ఎక్కడా దెబ్బ తగల్లేదు డాక్టరుగారూ, వయసుకి వచ్చాయేమో అనుకున్నాం" అన్నారావిడ. ఆయన కూడా రక్తం పలచబడే మాత్ర మీదే ఉన్నారు. ఆవిడ ఆ సీసాలన్నీ ప్రేమతోనే కొన్నారు, మీలాగే. అందుకే ఎవరు ఈ ప్రశ్న అడిగినా నేను మొదట వాడుతున్న మందులన్నిటి జాబితా అడుగుతాను.

ఇక అసలు విషయం. మీరు చదివింది అబద్ధం కాదు. మెదడు బరువు మన ఒంటి బరువులో సుమారు 2 శాతమే, కానీ ఒళ్ళు వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం అదే తీసుకుంటుంది. ఈ ఆక్సిజన్ చాలావరకు, కణాలకి శక్తి తయారుచేసే మైటోకాండ్రియా అనే భాగాల్లో ఖర్చవుతుంది. అక్కడ ఎలక్ట్రాన్లు చేతులు మారుతూ శక్తి తయారవుతుంది. ఆ దారిలో కొన్ని ఎలక్ట్రాన్లు జారిపోయి ఆక్సిజన్‌కి అంటుకుంటాయి, సూపర్ ఆక్సైడ్ పుడుతుంది. ఇలా పక్కనున్న వాటిని దెబ్బతీయగల అణువులే ఫ్రీ రాడికల్స్, వాటి కథకి ఇదే మొదలు. వయసు మీద పడడానికి ఈ ఫ్రీ రాడికల్సే కారణమని డెన్హామ్ హార్మన్ 1956లో ప్రతిపాదించాడు. 1969లో జో మెక్‌కార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ అనే ఇద్దరు, సూపర్ ఆక్సైడ్‌ని విరిచేసే ఎంజైమ్ మన కణాల్లోనే ఉందని చూపించారు. దాని పేరు సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేస్. అది సూపర్ ఆక్సైడ్‌ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. కాటలేస్, గ్లూటాథయోన్ పెరాక్సిడేస్ అనే వేరే ఎంజైములు ఆ పెరాక్సైడ్‌ని నీళ్ళుగా మార్చేస్తాయి. మాత్ర ఏదీ వేసుకోకపోయినా ఈ పని మీలో, నాలో ప్రతి క్షణం జరుగుతూనే ఉంది.

మెదడుకి ఉన్న చిక్కు ఏమిటంటే, దాని కణాల పొరల్లో తేలిగ్గా ఆక్సీకరణకి గురయ్యే కొవ్వులు ఎక్కువ. ముఖ్యంగా డీహెచ్ఏ. పైగా అక్కడ ఇనుము, రాగి కూడా ఉన్నాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్‌కి ఇనుము తగిలితే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. దాన్ని పట్టుకుని చంపే ఎంజైమ్ మనకి లేదు. పుట్టిన చోటనే, పక్కన ఏది దొరికితే దాన్ని కొట్టేస్తుంది. న్యూరాన్లు చర్మ కణాల్లా రాలిపోయి కొత్తవి పుట్టేవి కావు. చాలావరకు పుట్టుకతో వచ్చినవే ఎనభై ఏళ్ళు నడవాలి. అందువల్ల అక్కడ జరిగిన నష్టం పేరుకుంటుంది.

అల్జీమర్స్ మెదడులో ఈ నష్టం గుర్తులు స్పష్టంగా కనిపిస్తాయి. కాలిపోయిన కొవ్వుల ముక్కలు, దెబ్బతిన్న ప్రొటీన్లు, ఆక్సీకరణ చెందిన ఆర్ఎన్ఏ కనబడతాయి. జబ్బు ముదిరాకే కాదు, మతిమరుపు అప్పుడప్పుడే మొదలైన దశలో కూడా ఉంటాయి. అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకోవడం, టావ్ ప్రొటీన్ ముడులు పడడం ఈ జబ్బుకి గుర్తులని మీరు వినే ఉంటారు. ఆలోయిస్ అల్జీమర్ 1906లో ఒక మహిళ మెదడులో సూక్ష్మదర్శిని కింద చూసి చెప్పినవి ఇవే. అమిలాయిడ్ మైటోకాండ్రియాని చెడగొడుతుంది, చెడిన మైటోకాండ్రియా ఎక్కువ రాడికల్స్‌ని వదులుతుంది, అవి మళ్ళీ అమిలాయిడ్ తయారీని పెంచుతాయి. ఇలా ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. కాబట్టి "ఆక్సీకరణ ఉంది, దాన్ని ఆపే మందు వేస్తే జబ్బు ఆగుతుంది" అనుకోవడం చాలా సహజం. నేనూ చదువుకునే రోజుల్లో అలాగే అనుకున్నాను.

అలా ఎందుకు జరగలేదో అర్థం కావాలంటే విటమిన్ ఇ చేసే పనిని దగ్గరగా చూడాలి. కణం పొరలో కొవ్వు అణువుల తోకలు పక్కపక్కనే వేలాడుతుంటాయి. ఒక రాడికల్ వచ్చి ఒక తోకలోంచి ఒక హైడ్రోజన్ లాక్కుంటుంది. ఆ తోక ఇప్పుడు తానే రాడికల్ అయి, పక్క తోక నుంచి లాక్కుంటుంది. అది ఇంకో పక్కదాని నుంచి. ఇలా ఆ మంట వరస పొడుగునా పాకుతుంది. ఆ వరస మధ్యలో విటమిన్ ఇ అణువు ఉంటే అది తన హైడ్రోజన్ ఇచ్చేసి గొలుసు తెంచుతుంది. అక్కడిదాకా బాగుంది. కానీ ఇచ్చేశాక విటమిన్ ఇ కూడా కొంచెం రాడికల్‌గానే మిగులుతుంది. దాన్ని మళ్ళీ మామూలు చేయడానికి బయట నీటి భాగంలో ఉన్న విటమిన్ సి కావాలి. విటమిన్ సిని మళ్ళీ మామూలు చేయడానికి, కణం తనే తయారుచేసుకునే గ్లూటాథయోన్ అనే పదార్థం కావాలి. గ్లూటాథయోన్‌ని తిరిగి నింపడానికి కణానికి గ్లూకోజ్ నుంచి వచ్చే శక్తి కావాలి. అల్జీమర్స్ మెదడులో ఆ గ్లూకోజ్ వాడకమే తగ్గిపోయి ఉంటుంది. బకెట్లు అందించే మనుషుల వరసలో మొదటి మనిషికి పది బకెట్లు ఇచ్చి, చివర నూతి దగ్గర ఎవరూ లేకపోతే ఎలా ఉంటుందో ఇదీ అలాంటిదే.

ఇంకో సంగతి. రాడికల్స్ అన్నీ శత్రువులు కావు. సూక్ష్మజీవుల్ని చంపడానికి మన తెల్లరక్తకణాలు వాటిని కావాలనే తయారుచేస్తాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ తక్కువ మోతాదులో కణాల మధ్య కబురులా పనిచేస్తుంది. కొంచెం ఒత్తిడి తగిలితేనే కణం మేలుకుని తన సొంత రక్షణ ఎంజైముల్ని ఎక్కువ తయారుచేసుకుంటుంది. 2009లో ఒక అధ్యయనంలో 40 మంది యువకులతో నాలుగు వారాలు వ్యాయామం చేయించారు. సగం మందికి రోజూ 1,000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చారు. మాత్రలు వేసుకోనివాళ్ళకి వ్యాయామం వల్ల ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది. వేసుకున్నవాళ్ళకి ఆ లాభం రాలేదు. పొయ్యిలో నిప్పు ఇంటికి అంటుకుంటుందని భయపడి పొయ్యే ఆర్పేసినట్టయింది.

పైగా మెదడులోకి ఏది పడితే అది పోదు. రక్తానికీ మెదడుకీ మధ్య గట్టి కాపలా గోడ ఉంది. పరీక్షనాళికలో గొప్పగా పనిచేసిన పదార్థం రక్తంలోకే సరిగ్గా చేరకపోవచ్చు, చేరినా ఆ గోడ దాటకపోవచ్చు. మీ సీసాల్లో ఉన్న కర్క్యుమిన్ దీనికి మంచి ఉదాహరణ. 2012లో 36 మంది రోగులకి 24 వారాలు ఇచ్చి చూసిన పరీక్షలో మతి విషయంలో ఏ లాభమూ కనబడలేదు, రక్తంలో అది చాలా కొద్దిగానే కనబడింది. డబ్బాల మీద ఇంత యాంటీఆక్సిడెంట్ శక్తి అని పెద్ద అంకెలు వేస్తారు చూశారా, ఓరాక్ విలువ అని? అది పరీక్షనాళికలో కొలిచిన అంకె. ఒంట్లో ఏం జరుగుతుందో అది చెప్పదు, పైగా అమ్మకాలకి దాన్ని దుర్వినియోగం చేస్తున్నారని అమెరికా వ్యవసాయ శాఖ ఆ పట్టికని 2012లో తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది. ఆ అంకె చూసి సీసా ఎంచుకోవద్దని నేను గట్టిగా చెబుతాను.

ఇప్పుడు మనుషుల మీద చేసిన పరీక్షలు. మీకు కావలసింది నిజానికి ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

1997లో, జబ్బు మధ్యస్థంగా ఉన్న 341 మందికి రెండేళ్ళు విటమిన్ ఇ, సెలెజిలిన్ (పార్కిన్సన్స్ జబ్బుకి వాడే మందు), రెండూ కలిపి, లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. విటమిన్ ఇ మోతాదు రోజుకి 2,000 యూనిట్లు. చనిపోవడం, సంరక్షణ కేంద్రంలో చేర్చాల్సి రావడం, రోజువారీ పనులు చేసుకోలేకపోవడం, జబ్బు తీవ్ర దశకి చేరడం, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి జరగడానికి పట్టిన సమయం లెక్కగట్టారు. మొదట్లో గుంపుల మధ్య ఉన్న తేడాల్ని సర్దుబాటు చేశాక, విటమిన్ ఇ వేసుకున్నవాళ్ళలో అది ఆలస్యమైంది. జ్ఞాపకశక్తి పరీక్షల్లో మాత్రం తేడా లేదు. మందులు వేసుకున్నవాళ్ళలో పడిపోవడాలు ఎక్కువ కనిపించాయి. రక్తం పలచబడే మందు మీద ఉన్న మనిషి పడిపోవడం అంటే ఏమిటో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

2005లో, ఇంకా అల్జీమర్స్ రాని, కేవలం మతిమరుపు మొదలైన 769 మందిని గుంపులు చేసి, ఒక గుంపుకి అదే 2,000 యూనిట్లు మూడేళ్ళు ఇచ్చారు. అల్జీమర్స్‌గా మారడాన్ని విటమిన్ ఇ ఆపలేదు, ఆలస్యమూ చేయలేదు.

2014లో వచ్చిన ఫలితమే నేను ఇప్పటికీ గంభీరంగా తీసుకునేది. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 613 మంది, జబ్బు తొలి నుంచి మధ్యస్థ దశలో ఉన్నవాళ్ళు. అందరూ మీ అమ్మగారిలాగే డోనెపెజిల్ తరహా మందు మీద ఉన్నారు. 2,000 యూనిట్ల విటమిన్ ఇ వేసుకున్నవాళ్ళలో రోజువారీ పనుల సామర్థ్యం తగ్గడం ఏడాదికి 19 శాతం నెమ్మదించింది. సగటున రెండేళ్ళ మూడు నెలల కాలంలో అది సుమారు ఆరు నెలల ఆలస్యం. సంరక్షకుల సమయం కూడా రోజుకి దాదాపు రెండు గంటలు తక్కువ పట్టింది. జ్ఞాపకశక్తి మాత్రం మెరుగుపడలేదు. అల్జీమర్స్‌కే వాడే మెమాంటిన్ అనే ఇంకో మందుతో కలిపి ఇస్తే ఈ లాభం కూడా కనబడలేదు.

ఆరు నెలలంటే ఎంత అని మీరు అడగొచ్చు. బయటివాళ్ళకి అది చిన్న అంకె. ఇంట్లో చూసుకునేవాళ్ళకి కాదు. చొక్కా గుండీలు తనంతట తను పెట్టుకోవడం, స్నానాల గదికి ఒక్కరే వెళ్ళి రావడం, ముద్ద నోట్లో పెట్టుకోవడం. ఒక ఇంట్లో ఆ పెద్దావిడ గుండీలు పెట్టుకోవడం మానేసిన రోజు తేదీతో సహా కూతురికి గుర్తుంది. పై గుండీ కింది కాజాలో పెట్టి, తప్పు తెలిసి విప్పి, మళ్ళీ అదే తప్పు చేసి, మూడోసారి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయిందట. ఆ రోజుని ఆరు నెలలు వెనక్కి నెట్టగలిగితే నేను దాన్ని తేలిగ్గా తీసిపారేయను. అందుకే తొలి, మధ్యస్థ దశల్లో ఉండి, రక్తం పలచబడే మందులు లేనివాళ్ళ విషయంలో ఈ సంగతి కుటుంబంతో చర్చిస్తాను, కొందరికి ఇస్తాను కూడా. కానీ మతి తిరిగి వస్తుందని ఎవరికీ చెప్పను.

మీ అమ్మగారికి మాత్రం, వార్ఫరిన్ ఉన్నంతవరకు, నా చేతుల్లో ఉంటే ఈ మోతాదు ఇవ్వను. ఆమెని చూసే డాక్టర్ అన్నీ తూచి వేరేగా నిర్ణయిస్తే అది వారి బాధ్యత. కానీ ఆ నిర్ణయం సీసా మీది రాతని బట్టి ఇంట్లో జరగకూడదు. 2,000 యూనిట్లు అంటే మనకి రోజూ కావలసిన విటమిన్ ఇకి ఎన్నో రెట్లు. పెద్దవాళ్ళకి కావలసింది రోజుకి 15 మిల్లీగ్రాములు. సహజ రూపంలో తీసుకుంటే 2,000 యూనిట్లు సుమారు 1,340 మిల్లీగ్రాములు. ఇంత మోతాదుని విటమిన్ అనకండి, మందు అనండి.

మిగతా మూడు సీసాల సంగతి తొందరగా చెప్పేస్తాను. గింకో మీద 75 ఏళ్ళు దాటిన 3,069 మందితో ఆరేళ్ళ పాటు పెద్ద పరీక్ష జరిగింది, ఫలితం 2008లో వచ్చింది. డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులన్నిటికీ కలిపి ఉన్న పేరు) రావడం తగ్గలేదు. కర్క్యుమిన్ గురించి పైన చెప్పాను. కోఎంజైమ్ క్యూ10ని 2012లో 78 మంది అల్జీమర్స్ రోగులతో చేసిన పరీక్షలో ఒక గుంపుకి ఇచ్చారు, మెదడు చుట్టూ ఉండే ద్రవంలో ఆక్సీకరణ గుర్తులు మారలేదు. అదే పరీక్షలో ఇంకో గుంపుకి విటమిన్ ఇ, విటమిన్ సి, ఆల్ఫా లిపోయిక్ ఆమ్లం కలిపి 16 వారాలు ఇచ్చారు. ఆ గుంపులో ఆక్సీకరణ గుర్తు ఒకటి 19 శాతం తగ్గింది. కానీ మతి పరీక్షలో వాళ్ళ మార్కులు మిగతావాళ్ళకంటే వేగంగా పడిపోయాయి. ఈ ఒక్క ఫలితం చాలాకాలం నన్ను ఆలోచనలో పడేసింది. పరీక్షలో అంకె బాగుపడింది, మనిషి బాగుపడలేదు. అప్పటి నుంచి "ఇది ఆక్సీకరణని తగ్గిస్తుంది" అని ఎవరైనా అంటే, "తగ్గాక మనిషికి ఏమైంది?" అని అడగడం నాకు అలవాటయింది. మీరూ అదే అడగండి.

ఇక మీ సంగతి. జబ్బు లేనివాళ్ళు ముందుజాగ్రత్తగా వేసుకుంటే? దీనికి సమాధానం ఇంకా స్పష్టంగా ఉంది. 7,540 మంది పురుషులు విటమిన్ ఇ, సెలీనియం వాడిన అధ్యయనం ఫలితం 2017లో వచ్చింది. డిమెన్షియాని రెండూ ఆపలేదు. వీళ్ళు అంతకుముందు జరిగిన ఒక పెద్ద క్యాన్సర్ నివారణ పరీక్షలో భాగం. ఆ పెద్ద పరీక్షలో రోజుకి 400 యూనిట్ల విటమిన్ ఇ వేసుకున్న పురుషుల్లో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగింది. ఇంకా వెనక్కి వెళ్తే, 1994లో ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషుల మీద చేసిన పరీక్షలో బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్ళకి ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. హాని లేనిదే కదా, పడి ఉంటుంది అనే ధోరణి నన్ను భయపెట్టేది ఇందుకే. మీకు విటమిన్ ఇ లోపం ఉంటే అది వేరే విషయం. విటమిన్ ఇని శరీరం నిలుపుకోలేని అరుదైన జన్యు లోపం ఒకటి ఉంది, అందులో నడక తూలుతుంది, అక్కడ ఈ విటమిన్ నిజంగా మందే. లోపం లేనివాళ్ళకి ఆ వాదన వర్తించదు.

తిండి గురించి కూడా అడిగారు. ఆకుకూరలు, బెర్రీలు, గింజలు, పప్పుదినుసులు, చేపలు ఎక్కువగా, వేపుళ్ళు, వెన్న, తీపి తక్కువగా ఉండే మైండ్ డైట్ గురించి మీరు చదివి ఉంటారు. షికాగోలోని రష్ విశ్వవిద్యాలయంలో మార్తా క్లేర్ మోరిస్ బృందం దాన్ని రూపొందించింది. 2015లో వాళ్ళు గమనించిన దాని ప్రకారం, బాగా పాటించినవాళ్ళలో అల్జీమర్స్ సగానికి పైగా తక్కువ. అయితే 604 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుతో ఈ డైట్ పాటింపజేసి మూడేళ్ళు పరీక్షిస్తే, 2023లో వచ్చిన ఫలితంలో రెండో గుంపుకీ వీళ్ళకీ మతి విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు గుంపులూ బరువు తగ్గేలా తక్కువ తిన్నాయి, ఇద్దరూ కొంచెం మెరుగుపడ్డారు. మూడేళ్ళ పరీక్ష ముప్పై ఏళ్ళ తిండి అలవాటుకి సమాధానం చెప్పలేదు. అందుకని నేను ఆకుకూరలు తినమని చెబుతాను, గుండెకి, బీపీకి, షుగర్‌కి మంచివి కాబట్టి. తిండిలోని యాంటీఆక్సిడెంట్లు ఒంటరిగా రావు, పీచుతో, ఖనిజాలతో, వందల రకాల ఇతర పదార్థాలతో కలిసి వస్తాయి. సీసాలో వచ్చేది అందులోంచి ఏరి, వందరెట్లు చేసిన ఒక్కటి. అమ్మగారి విషయంలో ఒక జాగ్రత్త: వార్ఫరిన్ మీద ఉన్నవాళ్ళు ఆకుకూరలు మానేయక్కర్లేదు, కానీ వాటిలో విటమిన్ కె ఎక్కువ కాబట్టి ఒక వారం ఏమీ లేకుండా, ఇంకో వారం మూడు పూటలా తినడం కాకుండా, రోజూ దాదాపు ఒకే మోతాదులో ఉండాలి.

మీకు నలభై దాటాయి అన్నారు. ఈ జబ్బులో అమిలాయిడ్ పేరుకోవడం లక్షణాలకి పదిహేను, ఇరవై ఏళ్ళ ముందే మొదలవుతుంది. కాబట్టి ముందుగా ఆలోచించడం మంచిదే. ఆ శ్రద్ధని సీసాల మీద కాకుండా పనికొచ్చే చోట పెట్టండి. లాన్సెట్ అనే వైద్య పత్రిక కమిషన్ 2024 నివేదిక, మనం మార్చుకోగల 14 కారణాల జాబితా ఇచ్చింది. వాటన్నిటినీ సరిచేయగలిగితే ప్రపంచంలోని డిమెన్షియా కేసుల్లో 45 శాతం దాకా ఆపడమో, ఆలస్యం చేయడమో సాధ్యమని లెక్కగట్టింది. బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, పొగ, వ్యాయామం లేకపోవడం, వినికిడి తగ్గడం, డిప్రెషన్, తలకి దెబ్బలు, ఒంటరితనం ఇందులో ఉన్నాయి. యాంటీఆక్సిడెంట్ మాత్ర ఆ జాబితాలో లేదు. బీపీ ఒక్కటే తీసుకోండి: 9,361 మందితో చేసిన పరీక్షలో పై అంకెని 120 కిందికి తేవాలని చికిత్స ఇచ్చినవాళ్ళలో, తేలికపాటి మతి లోపం 19 శాతం తగ్గిందని 2019లో తేలింది. ఏ విటమిన్ సీసా కూడా ఈ పని చేసి చూపించలేదు. మీ బీపీ ఆఖరిసారి ఎప్పుడు చూపించుకున్నారు? వ్యాయామం అయితే ఆక్సీకరణ వైపు నుంచి చూసినా సరే. రోజూ కాస్త ఊపిరి వేగం పెరిగేలా నడిస్తే కండరాలు తమ రక్షణ ఎంజైముల్ని తామే పెంచుకుంటాయి.

అమ్మగారికి కూడా చేయవలసినవి ఉన్నాయి. బి12, థైరాయిడ్ పరీక్షలు అయ్యాయో లేదో చూడండి. వీటి లోపం మతిమరుపుని పెంచుతుంది, సరిచేయడం తేలిక. నిద్రకో, అలర్జీకో, మూత్రానికో వాడే మాత్రల్లో కొన్ని డోనెపెజిల్ చేసే పనికి సరిగ్గా ఎదురు పనిచేస్తాయి, వాటి పేర్లు డాక్టర్‌కి చూపించండి. వినికిడి పరీక్ష చేయించండి. పక్కవాళ్ళు అన్నది సగం వినబడక "మర్చిపోయింది" అనిపించుకునే పెద్దవాళ్ళని నేను ఎంతోమందిని చూశాను. 2023లో వచ్చిన ఒక పరీక్షలో అందరినీ కలిపి చూస్తే వినికిడి యంత్రాల వల్ల మతి విషయంలో తేడా లేదు గానీ, ముప్పు ఎక్కువ ఉన్న పెద్దవాళ్ళలో మూడేళ్ళలో మతి క్షీణత దాదాపు సగం నెమ్మదించింది. అమ్మగారికి జబ్బు వచ్చేసింది కాబట్టి ఆ అంకె ఆమెకి నేరుగా వర్తించదు. అయినా మాట సరిగ్గా వినబడితే రోజు సాఫీగా గడుస్తుంది, మీ ఇద్దరికీ టెన్షన్ తగ్గుతుంది.

అమిలాయిడ్‌ని తొలగించే లెకానెమాబ్, డొనానెమాబ్ గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు చెబుతారు. 2023, 2024లలో అమెరికాలో పూర్తి అనుమతి వచ్చిన మందులివి, తొలి దశకే. మెదడులో వాపు, రక్తస్రావం కలిగించగలవు కాబట్టి వార్ఫరిన్ మీద ఉన్నవాళ్ళకి సాధారణంగా ఇవ్వరు. అది విని నిరాశపడకండని ముందే చెబుతున్నాను.

ఈ రాత్రి ఒక పని చేయండి. ఇంట్లో ఉన్న ప్రతి సీసా, ప్రతి మందు పట్టీ, పొడి, కషాయం ఏది ఉన్నా, ముందు వైపూ వెనక వైపూ ఫోన్‌లో ఫోటో తీసుకోండి. విటమిన్ ఇ ఎన్ని చోట్ల కనబడుతుందో కూడండి. అమ్మగారి చేతులు, కాళ్ళ మీద కమిలిన మచ్చలు ఉన్నాయేమో, పళ్ళు తోముకునేటప్పుడు చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందేమో చూడండి. విరేచనం నల్లగా వస్తున్నా, ఎప్పుడూ లేనంత తలనొప్పి వచ్చినా, పడి తలకి దెబ్బ తగిలినా, పొద్దున దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అలాంటివేమీ లేకపోతే, ఆ ఫోటోలతో రేపు డాక్టర్‌కి ఫోన్ చేసి, ఐఎన్ఆర్ అంకె ఎంత వచ్చిందో నాకు రాయండి.